పదకొండుసార్లు చూసిన గోల్

నన్ను తిట్టేవాళ్ళు ఎలాగూ తిడతారు. అందుకే ముందే ఒప్పేసుకుంటున్నాను, ఆ ఉత్తరాలు నేనే రాశాను. ఒకటీ రెండూ కాదు, నలభై పైన. మా అమ్మాయి బ్రిన్ పేరు మీద, దాని మెయిల్లోంచి, మసాచుసెట్స్‌లో ఉన్న థార్న్‌బీ కాలేజీ హాకీ కోచ్‌కి. దాని మూలంగా ఆ ఏడాది వేసవి నుంచి క్రిస్మస్ ముందు దాకా మా ఇంట్లో నడిచిన రభస పగవాళ్ళకి కూడా వద్దు. బ్రిన్ జట్టులోనే ఇంకో పిల్ల తల్లి లినెట్ శాంక్‌కి మాత్రం వస్తే వద్దనను.

మా దగ్గర ఆటాడే పిల్లలకి ఒక నియమం ఉంది. కోచ్‌కి ఉత్తరం పిల్లే రాయాలి. "మీ అమ్మానాన్నలతో నాకు పని లేదు, నాకు నీ మాట కావాలి" అని ప్రతి కోచ్చీ చెబుతుంది. ప్రతి తల్లీ తల ఊపి, ఇంటికొచ్చి, తనే రాస్తుంది. శనివారాలు మైదానం పక్కన మడత కుర్చీలేసుకుని కూర్చునే ఆడవాళ్ళలో రాయనిది ఎవరో చెప్పండి చూద్దాం! లినెట్ అయితే వాళ్ళమ్మాయి పేరు మీద రాసే ఉత్తరానికి రెండు తప్పులు కావాలని పెట్టేది, పదహారేళ్ళ పిల్ల రాసినట్టుండాలని. ఆ తెలివి నాకు లేకపోయింది.

నేను పళ్ళ డాక్టరు దగ్గర ముందు బల్ల దగ్గర కూర్చుంటాను. ఆరునెలలకోసారి జనానికి ఉత్తరాలు రాసి రప్పించడం నా పని. రావడం సుతరామూ ఇష్టం లేని వాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరిపించే ఉత్తరం నాలా రాసేవాళ్ళు మా ఊరు హారిస్‌బర్గ్ చుట్టుపక్కల లేరు. బ్రిన్ ఏమో తండ్రి పోలిక. డేల్ ప్రెట్జెల్ బిస్కెట్ల ఫ్యాక్టరీలో పొయ్యిల దగ్గర పదకొండు గంటలు నిలబడి వచ్చి రెండు మాటలు మాట్లాడితే ఆ రోజు మాకు పండగ. బ్రిన్ ఆ కోచ్‌కి మొదట రాసుకున్న ఉత్తరం నాకు చూపించింది: "కోచ్, నేను గోల్‌కీపర్‌ని. వీడియో పంపుతున్నాను. థాంక్స్."

"ఇదేం ఉత్తరమే? కరెంటు మీటరు రీడింగులా ఉంది!" అన్నాను.

"కావాల్సినవన్నీ ఉన్నాయిగా."

"నువ్వెవరో లేదు."

"గోల్‌కీపర్‌నని రాశాగా," అని, విసుగొచ్చి, "పోనీ నువ్వే దిద్ది పంపు," అంటూ పాస్‌వర్డ్ నా చేతిలో పెట్టింది. దిద్దడం దగ్గర మొదలైంది. దిద్దడానికేముంది అందులో? రాశాను.

నాకు హాకీ అంటే ప్రాణమేమీ కాదు. ఆడపిల్లలు వంగి కర్రలతో చిన్న బంతి వెంట పరిగెడుతుంటే నాకు నడుము నొప్పి గుర్తొస్తుంది. నాకు కావాల్సింది ఆ కాలేజీ. మా ఇంట్లో అలాంటి చోట చదివినవాళ్ళు లేరు. బ్రిన్‌కి కావాల్సింది మాత్రం అక్కడి గోల్ ముందు నిలబడ్డం. జూన్‌లో అక్కడ నాలుగు రోజుల శిబిరానికి వెళ్ళొచ్చి, వంటింట్లో నిలబడి పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ తింటూ, దాని జన్మలో మొదటిసారి ఎవరూ అడక్కుండా నోరు విప్పింది. "అమ్మా, అక్కడి కీపర్ గొంతు మైదానం అవతలికి వినిపిస్తుంది. వెనకాల కొండ. నాకు అక్కడ ఆడాలనుంది. ఇంకెక్కడొచ్చినా సరే, రాకపోయినా సరే, అక్కడ ఆడాలి."

డేల్ పేపరు దించి దాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "విన్నావా?" అన్నట్టు.

జూలైలో కోచ్ విట్‌కమ్ దాని మార్కులు అడ్మిషన్ల ఆఫీసులో చూపించింది. ముందుగా ఒకసారి చూసి, ఆశ ఉందో లేదో చెప్పేస్తారు. ఆగస్టు మొదటి వారంలో ఆవిడ ఫోన్ చేసింది. బ్రిన్ ఫోను బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కింది. నేనూ డేలూ గాలి పీల్చకుండా నిలబడ్డాం.

"మార్కులు అంచు మీద ఉన్నాయి," అంది కోచ్. "మామూలుగా అయితే కష్టం. నేను గట్టిగా చెబితే దాటుతావు. ఏడాదికి ఒక్క గోల్‌కీపర్‌కే నేను గట్టిగా చెప్పగలను. ఈ ఏడు ఇద్దరు మిగిలారు, నువ్వూ, డెలావేర్‌లో ఇంకో అమ్మాయీ. నిజం చెప్పనా? బంతి ఆపడంలో ఇద్దరూ ఒకటే. కానీ ఆ గోల్ గురించి నువ్వు రాశావే, ఆ ఉత్తరం నా బల్ల మీదే ఉంది. నువ్వు ముందస్తు దరఖాస్తు పెట్టేట్టయితే నా మాట నీకే. శుక్రవారంలోగా చెప్పు."

ముందస్తు అంటే నవంబరులో ఒకే ఒక్క కాలేజీకి పెట్టేది. సీటిస్తే ఇంకెక్కడికీ పోమని పిల్లా, ఇంట్లోవాళ్ళూ, బడిలో సలహాదారూ ముగ్గురూ సంతకాలు చేయాలి. మా సలహాదారు ఆస్ట్రాండర్ గారు బ్రిన్ మార్కులు చూసి అప్పటికే చెప్పేశారు: "కోచ్ మాట ఉంటే ముందస్తు. లేకపోతే అటువైపు తల పెట్టి కూడా పడుకోకండి."

"శుక్రవారం దాకా ఎందుకు కోచ్, ఇప్పుడే చెబుతున్నా, వస్తాను!" అంది బ్రిన్. ఫోన్ పెట్టేసి డేల్ మెడకి వేలాడింది. తర్వాత నా వైపు తిరిగి, "ఏ గోల్ గురించి?" అంది.

"కిందటి నవంబరు సెమీఫైనల్ది. ఏదో రాశాలే నాలుగు ముక్కలు," అన్నాను. సంతోషంలో ఉంది, మళ్ళీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ నాలుగు ముక్కల సంగతి చెప్పాలి. ఆ మ్యాచ్ పెనాల్టీలో ఓడిపోయారు. ఓడించిన గోల్ బ్రిన్ ఎడమ పక్కనుంచి వెళ్ళింది. లినెట్ మొగుడు తీసిన వీడియో ఆ ఆదివారం వంటింటి బల్ల దగ్గర కూర్చుని పదకొండుసార్లు చూశాను. పొయ్యి మీద మాంసం మాడింది కూడా. పదకొండోసారి దొరికింది. కొట్టే పిల్ల కర్ర కదపకముందే బ్రిన్ ఒళ్ళు బరువంతా ఎడమ కాలి మీదికి వెళ్ళిపోయింది. అదే రాశాను. "కోచ్, ఆ గోల్ నేను పదకొండుసార్లు చూశాను. భయం ముందు కాలికి తెలుస్తుంది, తర్వాతే మనకి తెలుస్తుంది. ఇక నా కాలిని నేను నమ్మను." చదువుకుని నాకే కళ్ళు చెమర్చాయి. ఎంత బాగా రాశాననుకున్నారు!

సెప్టెంబరులో జట్టుతో రెండు రోజులు గడపమని పిలిచారు. ఆదివారం మధ్యాహ్నం నేనే వెళ్ళి తీసుకొచ్చాను. కారెక్కి బెల్టు పెట్టుకుంది. హార్ట్‌ఫర్డ్ దాటేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉంది.

"ఎలా ఉంది? పిల్లలు మంచివాళ్ళేనా? ఏం పెట్టారు తినడానికి?"

"ఎన్నిసార్లు చూశానని రాశావు?"

"ఏంటీ?"

"ఆ గోల్. నేను దాన్ని ఎన్నిసార్లు చూశానని రాశావు?"

"పదకొండు," అన్నాను.

"పదకొండు!" అని ఒక నవ్వు నవ్వింది. అలాంటి నవ్వు కన్నపిల్ల నోట వినకూడదు. "ఆవిడ ఆఫీసులో వీడియో పెట్టింది. 'ఇదిగో నీ ఎడమకాలు, చెప్పు, ఆ క్షణంలో ఏమైంది' అంది. పక్కన వాళ్ళ కీపర్ నోరా కూడా ఉంది. నేను ఆ గోల్ వీడియో చూడ్డం అదే మొదలు! ఏం చెప్పను? ఏ కాలు? నాకేం తెలుసు?"

"ఏం చెప్పావు మరి?"

"ఏం చెబుతాను? ఉత్తరంలో ఉన్నట్టేనని చెప్పాను. ఆవిడ నన్ను ఎలా చూసిందో తెలుసా? నేనేదో... నా వెనకాల ఇంకెవరో నిలబడ్డట్టు చూసింది."

"గట్టెక్కావుగా. దానికింత రాద్ధాంతం ఎందుకు?"

"అమ్మా, గోల్ పడితే నేను మర్చిపోతాను. బంతి వలలోంచి తీసి బయటికి కొట్టేలోపు మర్చిపోతాను. అందుకే తర్వాతది ఆపగలను. నాకొచ్చిన విద్య అదొక్కటే. నువ్వు దానికి పూర్తిగా తిరగేసి రాశావు. ఆ మాట నన్నడిగితే చెప్పేదాన్నిగా! ఒక్కసారి అడగొచ్చుగా!"

"అడిగితే నువ్వు మాట్లాడితేగా! రెండు ముక్కలకి మించి నీ నోట్లోంచి ఎప్పుడైనా వచ్చాయా? నీ మీటరు రీడింగు పంపితే ఆ డెలావేర్ పిల్లే ఈపాటికి అక్కడ కూర్చునేది. నా ఉత్తరం వల్ల కాదూ నువ్వు ఈ కారులో కూర్చుంది?"

"అవును," అంది. "నీ ఉత్తరం వల్లే."

హడ్సన్ వంతెన దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఫోన్ తీసి ఏదో నొక్కింది. పాస్‌వర్డ్ మార్చేసిందని ఇంటికొచ్చాక తెలిసింది.

అక్కడితో వదిలేస్తే పోయేది. అది వదల్లేదు. ఎంతైనా నా కూతురు, మొండిది. కోచ్‌కి నచ్చిన ఆ ఉత్తరాల పిల్లలాగా మారిపోదామని కూర్చుంది. బడి నుంచి రాగానే పాత మ్యాచుల వీడియోలన్నీ పెట్టుకుని తనకి పడిన గోల్సన్నీ వరసగా చూడ్డం. నోట్‌బుక్‌లో రాసుకోవడం. ఎడమకాలు, కుడికాలు, భుజం. డేల్ ఒకరోజు దాని గది గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, బయట వెలుతురుంది, కాసేపు తిరిగిరా" అంటే, "నాన్నా, నేను పదకొండుసార్లు చూసే రకం పిల్లని, నీకు తెలీదా?" అందట.

అక్టోబరులో గోల్స్ పడడం మొదలైంది. అంతకు ముందు ఏడాది మొత్తం మీద పదో పన్నెండో పడ్డాయి. ఇప్పుడు వారానికి నాలుగు. బంతి వస్తుంటే పిల్ల ఆలోచిస్తోంది! కుర్చీలో కూర్చున్న నాకే కనిపించేది. కాలు కదపాలా వద్దా అని ఒక్క రెప్పపాటు ఆగుతుంది, అంతే, గోల్ వెనకాల ఉండే చెక్క పలక ఢామ్మని మోగుతుంది. జిల్లా పోటీల్లో మొదటి మ్యాచ్‌లోనే నాలుగు ఒకటితో ఓడి ఇంటికొచ్చారు.

"ఏమైంది జెనీన్, మీ అమ్మాయికి?" అంది లినెట్, దుప్పటి మడతపెట్టుకుంటూ. "థార్న్‌బీ వాళ్ళకి ఈ వీడియో కూడా పంపుతున్నారా?"

"మీ అమ్మాయి రాసిన ఉత్తరాల్లో స్పెల్లింగు సరిచేశాక పంపుతాంలే," అన్నాను. ఆవిడ మొహం ఎర్రబడింది. అంతకంటే మంచి సంగతి ఆ నెలలో ఏదీ జరగలేదు నాకు.

కారు దగ్గర డేల్ తన పద్ధతికి విరుద్ధంగా నోరు తెరిచాడు. "నీ వల్లే ఇదంతా."

"నా వల్లా? కాలేజీ వస్తోందే, అది కూడా నా వల్లేనని ఎప్పుడంటావు?"

"పిల్లకి ఆట పోయింది, నీకు కనపడ్డంలేదూ?"

"ఆట తిరిగొస్తుంది. సీటు తిరిగొస్తుందా?" అన్నాను. క్రిస్మస్ దాకా వంటింట్లో ఆయన కాఫీ ఆయనే కాచుకున్నాడు.

అంత పోట్లాటలోనూ సంతకాలు జరిగిపోయాయి. నవంబరు పన్నెండున బ్రిన్ చేసింది, డెస్కు దగ్గర రోగిని నిలబెట్టి నేను చేశాను, ఆస్ట్రాండర్ గారు చేశారు. దరఖాస్తు వెళ్ళిపోయింది. కోచ్ తను గట్టిగా చెప్పే పిల్లల జాబితా అడ్మిషన్ల ఆఫీసుకి ఇచ్చేసింది. నేను గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయాను.

థాంక్స్‌గివింగ్ పండగ ముందు రోజు నేను గుమ్మడికాయ తీపి రొట్టె కోసం పిండి ఒత్తుతున్నాను. బ్రిన్ వచ్చి ఫ్రిజ్ తెరిచి, పాలు తాగి, గ్లాసు కడిగి బోర్లించింది.

"కోచ్‌కి రాశాను," అంది.

"ఏం రాశావు?"

"వాళ్ళ కీపర్ నోరా, ఆఖరి మ్యాచ్ పెనాల్టీల్లో పోగొట్టిందట. వారం నుంచి గదిలోంచి రావట్లేదట. 'నీ గోల్ గురించి నాకు రాశావే, అలాగే నోరాకి రాయి, నీ మాట దానికి మందు' అని కోచ్ అడిగింది. ఏడుస్తున్న పిల్లకి అమ్మా, అబద్ధం రాయడానికి నాకు చెయ్యి రాలేదు." ఫోను నా ముందుకి తోసింది. చేతులకి పిండి ఉంది, ముట్టుకోకుండా వంగి చదివాను.

"కోచ్, ఆ ఉత్తరాలు మా అమ్మ రాసింది. ఆ గోల్ నేను మీ ఆఫీసులోనే మొదటిసారి చూశాను. గోల్ పడితే నేను మర్చిపోతాను. నోరాకి కూడా మర్చిపొమ్మని తప్ప నేనేమీ చెప్పలేను. అబద్ధం ఆడినందుకు క్షమించండి. బ్రిన్."

"పంపేశావా?"

"పంపేశాను."

"పిచ్చిదానా, ఇంకో మూడు వారాలు నోరు మూసుకుంటే ఏం పోయేదే! చేతికందిన కూడు..." నోటికొచ్చినవన్నీ అన్నాను. ఆ పిండి ముద్ద గోడకేసి కొట్టాను కూడా. అది వింటూ నిలబడింది. పెనాల్టీకి నిలబడేటప్పుడు ఎలా నిలబడేదో, పూర్వం, అక్టోబరుకి ముందు, అలా.

సోమవారం పొద్దున్నే క్లినిక్ ఫోన్ మోగింది.

"జెనీన్ క్రైడర్ గారా? నేను విట్‌కమ్‌ని. పళ్ళ గురించి కాదు."

"చెప్పండి," అన్నాను. వెనక గదిలో డ్రిల్లు తిరుగుతోంది.

"అంటే రెండేళ్ళు నేను మీతో మాట్లాడానన్నమాట."

"తప్పు నాది. పిల్లని ఏమనకండి. అందరు తల్లులూ రాస్తారు, మీకు తెలీనట్టు..."

"తెలుసు. దిద్దుతారు. మీరు లేని పిల్లని తయారుచేశారు. డెలావేర్ అమ్మాయికి ఆగస్టులో లేదని చెప్పాను. ఫోన్లో ఏడ్చింది. ఆ అమ్మాయి ఉత్తరాలు రెండేసి ముక్కలుండేవి. ఎవరూ రాసిపెట్టలేదని ఇప్పుడు తెలిసింది నాకు."

"మరి మీ కళ్ళేమయ్యాయి?" అనేశాను. ఊరుకోలేకపోయాను. "మైదానంలో ఆపింది చూడలేదా? ఉత్తరాలు చూసి గోల్‌కీపర్‌ని ఎంచుకునే కోచ్‌ని నేనెక్కడా చూడలేదు!"

ఆవిడ చాలా మెల్లగా చెప్పింది. "జాబితా వెళ్ళిపోయింది. ఇప్పుడు పేరు కొట్టేస్తే, వచ్చే ఏడు నా మాట అక్కడ ఎవరూ వినరు. కాబట్టి మీ అమ్మాయికి సీటొస్తుంది. జట్టులో మాత్రం చోటు లేదు. వచ్చే ఏడు కాదు, ఎప్పుడూ కాదు. నాకు అబద్ధమాడి నా ముందు కూర్చున్న పిల్లని గోల్‌లో పెట్టి నేను పదిమందిని ఆడించలేను. ఇది తెలిశాక కూడా రావాలో, దరఖాస్తు వెనక్కి తీసుకోవాలో తనే తేల్చుకోవాలి. ఫలితాలు వచ్చేదాకా ఆ హక్కు తనకుంది. మీరు చెబుతారా, నేను చెప్పనా?"

"నేను చెబుతాను," అన్నాను.

చెప్పలేదు.

రెండున్నర వారాలు. సాకులేమీ చెప్పను. చెబితే అది దరఖాస్తు వెనక్కి లాగేస్తుందని నాకు నా పేరు తెలిసినంత బాగా తెలుసు. ఆట లేని ఆ కాలేజీ దానికి అక్కర్లేదు. నాకు కావాలి. పదిహేడేళ్ళ పిల్ల కోపంలో నూతిలో దూకుతానంటే చెయ్యి పట్టుకోమా? అదే చేశాననుకున్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడు అలాగే అనుకుంటాను.

రోజూ బడి నుంచి వచ్చి అడిగేది కాదు గానీ, ఫోను చూసుకునేది. ఒకరోజు తనే అంది, "కోచ్ ఏమీ రాయలేదు."

"ఏమీ అనలేదంటే మంచిదేగా. పిల్లతనం అనుకుని ఊరుకుందేమో," అన్నాను, గిన్నెలు తుడుస్తూ.

"అంటావా?"

"అంతే అయ్యుంటుంది."

దాని మొహంలోకి రంగొచ్చింది. ఆ సాయంత్రం నోట్‌బుక్ చెత్తబుట్టలో పడేసి, గరాజ్ తలుపుకేసి బంతి కొట్టి కాళ్ళతో ఆపుకుంటూ చీకటి పడేదాకా ఆడింది. ఢామ్, ఢామ్, ఢామ్. డేల్ తలుపు సొట్టలు పోతోందని ఒక్కమాట అనలేదు. కిటికీ దగ్గర నిలబడి చూశాడు. నేనూ చూశాను. బాగా ఆపుతోంది.

డిసెంబరు పద్నాలుగున ఫలితాలొచ్చాయి. శుక్రవారం, అయిదింటికి. ముగ్గురం వంటింట్లోనే ఉన్నాం. బ్రిన్ ల్యాప్‌టాప్ తెరిచి, చదివి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"వచ్చింది. నాన్నా, వచ్చింది!"

డేల్ దాన్ని ఎత్తి తిప్పాడు. కిందికి దింపగానే అది నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. సెప్టెంబరు నుంచి నన్ను ముట్టుకోని పిల్ల, నా మెడ చుట్టూ చేతులేసి వదల్లేదు. జుట్టులో హాకీ గ్లవ్స్ వాసన.

"నిజం చెప్పినా తీసుకుందమ్మా! అంతా చెప్పేశాను, అయినా నన్ను తీసుకుంది! నీ ఉత్తరాలు చూసి కాదు, నన్ను చూసే!" ఏడుస్తోంది, నవ్వుతోంది. "సారీ అమ్మా. కారులో నేనన్న మాటలకి సారీ."

అప్పుడైనా చెప్పాలి. నోటిదాకా వచ్చింది. డేల్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. నా చేతుల్లో పిల్ల వెచ్చగా ఉంది. నిజం తెలిశాక మళ్ళీ పట్టుకోనివ్వదని నాకు తెలుసు గనక, కాసేపు అలాగే పట్టుకున్నాను.

అది విడిపించుకుని వెళ్ళి కూర్చుని టకటకా కొట్టింది. అప్పుడే పైకి చదివింది: "కోచ్, థాంక్స్. ఆగస్టులో ప్రాక్టీసు ఏ తేదీన మొదలు? ప్యాడ్లు నావి తెచ్చుకోనా, అక్కడ ఇస్తారా? మీకు మళ్ళీ ఎప్పుడూ అబద్ధం చెప్పను. బ్రిన్." చదివి నా వైపు తిరిగి, చిలిపిగా, "తప్పులున్నాయా? చూసిపెట్టు," అంది.

"లేవు," అన్నాను.

పంపించింది.

జవాబు మర్నాడు పొద్దున ఎనిమిదింటికి వచ్చింది. నేను గుడ్లు వేయిస్తున్నాను. బ్రిన్ బల్ల దగ్గర ఫోను చదువుకుంది. అయిపోయాక మళ్ళీ మొదట్నుంచి చదివింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే నేనూ అరవొచ్చు.

"నవంబరులోనే చెప్పిందట నీకు," అంది.

"చెప్పింది."

"అప్పుడే తెలిస్తే వెనక్కి తీసుకునేదాన్ని."

"అందుకే చెప్పలేదు."

డేల్ కాఫీ కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆయనకి విషయం అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక కప్పు సింక్‌లో పెట్టి, కోటు తగిలించుకుని, శనివారం పూట, సెలవు రోజు, ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు.

బ్రిన్ లేచి కుర్చీ బల్ల కిందికి తోసింది. "నేను వెళ్తాను, భయపడకు. సంతకం పెట్టాను. ఈ ఇంట్లో ఒక్కరైనా మాట మీద నిలబడాలి కదా." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "అభినందనలమ్మా. నీకు సీటొచ్చింది."

వెళ్ళింది. నాలుగేళ్ళూ చదివింది, నేననుకున్నదానికంటే బాగా చదివింది. ఆగస్టులో డేలే దింపొచ్చాడు. సెలవులకి వచ్చినప్పుడు నాతో మర్యాదగా మాట్లాడేది, పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు. పట్టాలిచ్చే రోజుకి ముందు ఉత్తరం రాసింది, నాకే, పేరు పెట్టి, కాగితం మీద. ఒక్కొక్కరికి ఒకే టికెట్టు ఇస్తున్నారట, అది నాన్నకి ఇచ్చాను, ఏమీ అనుకోవద్దు అని.

ఆ కాలేజీలో పట్టాల సభకి టికెట్లుండవు. గడ్డి మీద కుర్చీలేస్తారు, ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. ఆ సంగతి బ్రిన్ పదో తరగతిలో ఉండగానే చదివి పెట్టుకున్నాను నేను. డేల్ కారు కడుగుతుంటే ఉత్తరం మడిచి సొరుగులో పెట్టి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసిచ్చాను.

నేను వెళ్ళలేదు.